లంకకు మేతకెళ్లిన ఎద్దు

ఒక అడవి, దాని నడుమ ఒక ఏరు. ఏటికి ఇవతలంతా ఒడ్డు, మధ్యలో ఒక లంక. లంక కూడా అడవిలో భాగమే. అడవి చట్టాలన్నీ అక్కడా చెల్లుతాయి. సరిహద్దులో రేచుకుక్కల మీద కాపలాకి చీటీలు వేసి కోడెల్ని పంపించేటప్పుడు లంక చీటీలు కూడా కుండలో వేస్తారు. అధ్యక్షుణ్ణి ఎన్నుకునే రోజున మాత్రం లంకవాళ్లకి ఓటు లేదు. ఎందుకు లేదయ్యా అంటే, లంక ఏట్లో కొట్టుకొచ్చిన ఒండ్రుతో ఏర్పడిందట, అసలు నేల కాదట. ఆ ఒండ్రులో పెరిగిన గడ్డి మాత్రం అసలు గడ్డే, దాన్ని కోసి తెచ్చుకోవడానికి ఒడ్డువాళ్లెవరికీ అభ్యంతరం లేదు.

ఒడ్డు మీది పశువులకి పెద్ద పుల్లన్న అనే ఎద్దు. పనిమంతుడు, మాటకారి, తన తెలివి మీద తనకి అపార నమ్మకం. మూడేళ్ల కిందట లంక గేదెలు ఏరు ఈదుకుంటూ వచ్చి మాకూ ఓటివ్వండని సభలో అడిగినప్పుడు, లేచి నిలబడి మాట్లాడింది ఈ పుల్లన్నే.

"ఓటు కావాలంటే ఒడ్డుకొచ్చి కాపురముండండి. లంకలో ఉన్నవాళ్లకి ఒడ్డు సంగతులెందుకు?" అన్నాడు.

సభ గొల్లున నవ్వింది. పుల్లన్నకి ఆ నవ్వు ఎంత నచ్చిందంటే, "లంకలో కాపురముండేవాళ్లకి ఓటు లేదు" అని చట్టం రాయించి, కింద మొదటి డెక్కముద్ర తనే వేశాడు. చట్టం ఐదు ముద్రల తేడాతో నెగ్గింది. గేదెలు మళ్లీ ఏరు ఈదుకుంటూ వెనక్కి పోయాయి.

ఈ ఏడు మళ్లీ ఎన్నికలొచ్చాయి. అధ్యక్ష పదవికి పోటీ ఇద్దరి మధ్య. ఒకరు నక్క సింగరయ్య, మేతబీళ్ల పంపకం చూసే అధికారి. రెండోది ఏనుగు లచ్చమ్మ. సింగరయ్య గెలిస్తే చీటీలు తీసేసి, ఇంటికొక కోడెని కాపలాకి పట్టుకుపోతానన్నాడు. లచ్చమ్మ గెలిస్తే రేచుకుక్కలతో రాజీ చేసుకుని, ఉన్నవాళ్లని కూడా ఇళ్లకి పంపిస్తానంది. పుల్లన్నకి ఒక్కడే కొడుకు, రంగడు. వాడికి ఇంకా కొమ్ములు కూడా సరిగ్గా తిరగలేదు. ఇక పుల్లన్న ఓటెవరికో ఎవరూ అడగక్కర్లేదు. ఆయన మందలోని నలభై ఓట్లూ అటే.

ఆ వేసవి ఒడ్డు మీద గడ్డి మాడిపోయింది. పశువుల డొక్కలు వీపుకంటుకున్నాయి. అలాంటి రోజున సింగరయ్య నవ్వుకుంటూ వచ్చాడు.

"ఏం పుల్లన్న బావా, మరీ చిక్కిపోయావు! లంకలో మోకాలెత్తు పచ్చిక ఊరికే పడుంది. మంద మొత్తాన్నీ తోలుకుపో. వానలు పడేదాకా అక్కడే ఉండండి."

"ఊరికేనా, సింగరయ్యగారూ? మరి ఓట్ల సంగతి..."

"ఛ, ఛ! గడ్డి వేరు, ఓటు వేరు. నువ్వు ఎవరికి వేసుకుంటావో నాకెందుకు బావా? ఇదిగో, ఈ పలక మీద డెక్కముద్రలు వేసి వెళ్లండి, లెక్క కోసం."

పుల్లన్న లోలోపల మురిసిపోయాడు. నక్క వెళ్లగానే మందని పిలిచి మెల్లగా చెప్పాడు. "గడ్డి వాడిది తిందాం, ముద్ర లచ్చమ్మకి వేద్దాం. వాడు ఇంత వెర్రివాడని నాకిన్నాళ్లూ తెలీదు."

నలభై పశువులూ తోకలాడించాయి. పలక మీద ఏం రాసుందో ఒక్కటీ చదవలేదు. ముద్రలు వేసి ఏరు దాటేశాయి.

లంకలో వాళ్లని మొదట చూసింది కాటమ్మ అనే ముసలి గేదె. ఆమె కొడుకు చీటీ వచ్చి కాపలాకి వెళ్లాడు. ఒక వానాకాలం పోయి ఇంకొకటి వచ్చింది, వాడు మాత్రం రాలేదు. సరిహద్దునుంచి వాడి మెడగంట ఒక్కటే పంపించారు.

"మా బీడు మీకిచ్చాడా? మమ్మల్నొక మాట అడగలేదే," అంది కాటమ్మ. "సరేలే, ఆకలి ఎవరిదైనా ఆకలే. తినండి. అది సరేగానీ పుల్లన్నా, ఆ పలక మీద కాపురం ఎక్కడని రాశాడు?"

"ఎక్కడని రాస్తే ఏంటమ్మా? మేం ఒడ్డువాళ్లం."

"ఇప్పుడు ఉంటున్నది లంకలో కదయ్యా."

"ఎక్కడున్నా ఒడ్డువాళ్లమే! మా తాతలు దున్నిన నేల అది. మీ సంగతి వేరు, మా సంగతి వేరు."

కాటమ్మ నెమరెయ్యడం ఆపింది. "నేనూ ఒడ్డున పుట్టినదాన్నే పుల్లన్నా. పెయ్యగా ఉన్నప్పుడు వరదలో కొట్టుకొచ్చి ఇక్కడ తేలాను. ఓటు రోజున వెళ్తే, లంకదానివి పొమ్మన్నారు. ఇవాళే వెనక్కి వెళ్లిపో. నీకు కొడుకున్నాడు."

ఓటు లేనివాళ్లకి ఉన్నవాళ్లని చూస్తే కడుపుమంట అనుకున్నాడు పుల్లన్న. ఆ మాట మందతో అన్నాడు కూడా, కాటమ్మకి వినబడేలాగే. తర్వాత రెండు నెలలు హాయిగా మేశాడు. ఒళ్లు నిగనిగలాడింది.

ఓటు రోజు తెల్లవారగానే మంద మొత్తం ఏరు ఈది ఒడ్డెక్కింది. అక్కడ రెండు బంకమట్టి మడులు తడిపి ఉంచారు. ఒకటి సింగరయ్యది, ఒకటి లచ్చమ్మది. ఎవరికి కావాలంటే వారి మడిలో ఒక్క అడుగు వేసి వెళ్లిపోవాలి. జాబితా పట్టుకుని ఒక ముంగిస కూర్చుంది.

"పేరు?"

"పుల్లన్న. నన్నెరగవా?"

"బాగా ఎరుగుదును. మీ పేరు లేదు."

"సరిగ్గా చూడు!"

"చూశానండీ. రెండు నెలలనుంచి మీ కాపురం లంకలో. మీ మందంతా అంతే. ఇదిగో పలక, మీ ముద్రలే." ముంగిస ఇంకో పలక కూడా తీసింది. "లంకలో కాపురముండేవాళ్లకి ఓటు లేదని చట్టం. దీని మీదా మొదటి ముద్ర మీదే."

పుల్లన్న పలక మీదికి వంగి చూశాడు. "మేం మేతకెళ్లామయ్యా! మేం పుట్టింది ఇక్కడే!"

"పుట్టినచోటు గురించి చట్టంలో ఏమీ లేదండీ."

"అయితే ఇవాళే కాపురం ఒడ్డుకి మార్చేస్తాం. రాసుకో."

"రాసుకుంటాను. వచ్చే ఎన్నికలకి పనికొస్తుంది. అప్పటిదాకా మీరు లంకవాళ్లే."

ఇంతలో పైనుంచి ఒక కొంగ దిగింది. ఏడేళ్లయింది అది ఈ అడవి వదిలేసి. ఎక్కడో పరాయి రాజ్యం చెరువులో చేపలు తింటూ ఉంటుంది. అది ముంగిసకి పేరు చెప్పి, సింగరయ్య మడిలో ఒక కాలు ముంచి, రెక్కలు దులుపుకుంది.

"దానికెలా ఉంది ఓటు?" అని రంకె వేశాడు పుల్లన్న.

"పరాయి రాజ్యానికి వెళ్లినవాళ్లకి ఓటు పోతుందని చట్టంలో లేదండీ. లంకకి వెళ్లినవాళ్లకే పోతుంది. మీరు అలాగే కదా రాయించారు." ముంగిస గొంతులో వెటకారం కూడా లేదు. అదే పుల్లన్నకి ఎక్కువ మండింది.

సాయంత్రం మడుల్లో అడుగులు లెక్కపెట్టారు. సింగరయ్య ముప్పైఒక్క అడుగుల తేడాతో గెలిచాడు. నలభై పశువులు తడిసిన ఒంటితో ఒడ్డున నిలబడి ఆ లెక్క విన్నాయి.

మూడో రోజున హుకుం వచ్చింది. ఇంటికొక కోడె, ముందుగా లంకనుంచి. లంక జాబితాలో మొదటి పేరు రంగడిది. పుల్లన్న సింగరయ్య గుహకి పరుగెత్తాడు.

"మోసం చేశావు సింగరయ్యా!"

"కూర్చో బావా, ఆయాసపడకు. గడ్డి ఇస్తానన్నాను, ఇచ్చాను. ఓటు వెయ్యమని అడిగానా? లేదే. చట్టం నేను రాశానా? అదీ లేదే. నేను చేసిందల్లా ఆ చట్టాన్ని శ్రద్ధగా చదవడం."

"వాడు పసివాడు. ఒక్కడే నాకు. ముందు ఒడ్డునుంచి తీసుకెళ్లవచ్చు కదా?"

"ఒడ్డువాళ్ల కొడుకుల్ని ముందు పట్టుకుపోతే వచ్చేసారి నన్ను దించేస్తారు బావా. లంకవాళ్లయితే ఏం చేస్తారు?" అని సింగరయ్య నిజంగానే తెలుసుకుందామన్నట్టు అడిగాడు.

పుల్లన్న వచ్చిన దారినే తిరిగి వెళ్లాడు.

మర్నాడు లంక రేవులో పదకొండు కోడెల్ని వరసగా నిలబెట్టారు. పుల్లన్న కాటమ్మ దగ్గరికెళ్లి తల వంచాడు. "తప్పు చేశానమ్మా. ఆ రోజు సభలో..."

"నాతో చెప్పి ఏం లాభం?" అంది కాటమ్మ. ఆమె గొంతులో కోపం లేదు, జాలి కూడా లేదు. "ఆ రోజు మేం ఓడింది ఐదు ముద్రల తేడాతో. మాకు ఓటుంటే ఈ కాపలాలు ఆపేవాళ్లనే గెలిపించేవాళ్లం. నా కొడుకు ఇంట్లో ఉండేవాడు, నీ కొడుకూ ఉండేవాడు. వెళ్లు, వాడు నీకోసం చూస్తున్నాడు."

రంగడి మెడకి కొత్త గంట కట్టారు. ఏట్లోకి దిగబోతూ వాడు వెనక్కి తిరిగాడు.

"నాన్నా, మమ్మల్ని పంపిస్తున్న ఈ అధ్యక్షుణ్ణి ఎవరు ఎన్నుకున్నారు?"

"ఒడ్డువాళ్లురా."

"మరి మనం?"

అంత మాటకారి పుల్లన్న వాడి గంట తాడుని మూతితో సర్దాడు. కోడెలు ఏరు దాటి, అవతలి గుట్ట ఎక్కి, కనబడకుండా పోయేదాకా మోకాలిలోతు నీళ్లలో అలాగే నిలబడి ఏడ్చాడు.

నీతి: పక్కవాడి మూతికి చిక్కం కడుతుంటే తల ఊపినవాడికి, అది తన మూతికీ సరిపోతుందని తెలిసేసరికి అరవడానికి నోరుండదు.