సింగరాజుగారి కట్టెల యంత్రం

గండికొలను రాజు రంగపతిరాయలకు కొత్త వస్తువంటే పిచ్చి. చవగ్గా దొరికిన కొత్త వస్తువంటే మరీ పిచ్చి. ఆ సంగతి కనిపెట్టిన ఉగ్రాణాధికారి సింగరాజు ఒకరోజు కట్టెలు చీల్చే యంత్రాన్ని బండి మీద వేయించి ఏకంగా కొలువులోకే తెచ్చేశాడు.

"రేవులో ఓడ వర్తకుడు సగం ధరకే ఇచ్చాడు ప్రభూ! నా ముఖం చూసి ఇచ్చాడు!" అని మీసం దువ్వుకున్నాడు.

పొడవాటి ఇనప బల్ల, దాని చివర పదునైన పలక, పక్కన పెద్ద చక్రం. నలుగురు కలిసి చక్రం తిప్పితే బల్ల మీది దుంగ ముందుకు జరిగి, పలకకు గుచ్చుకుని రెండుగా చీలుతుంది. సింగరాజు ముందే ఏరి తెచ్చుకున్న నున్నటి సరుగుడు దుంగలు పటపటా చీలిపోయాయి. రాజు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

"ఇక వంటశాలకు గొడ్డలెందుకు ప్రభూ? ఆ గొడ్డలి పట్టుకు తిరిగే బయ్యన్న ఎందుకు?" అన్నాడు సింగరాజు.

"నిజమే సుమా!" అన్నాడు రాజు.

ఒక మూల నిలబడ్డ వంటశాల పెద్ద అక్కమాంబ చెవిన ఆ మాట పడింది. ఇరవయ్యేళ్లుగా బయ్యన్న కొట్టిన కట్టెల మీదే ఆమె వండుతోంది. అతనికి ఆ పని తప్ప ఇంకో బతుకుతెరువు లేదు. అయితే రాజు ముచ్చటపడ్డ వేళ కాదంటే ఆ ముచ్చట కాస్తా పంతమైపోతుందని ఆమెకు బాగా తెలుసు. అందుకే ముఖం నిండా నవ్వు పులుముకుని ముందుకు వచ్చింది.

"యంత్రం బహు ముచ్చటగా ఉంది ప్రభూ. రేపే పనిలో పెట్టుకుందాం. మన వంటశాల ఆనవాయితీ తమరికి తెలిసిందే కదా! కొత్తగా చేరినవాళ్లు మొదటిరోజు తమరి ఉలవచారుకు పనిచెయ్యాలి. తెచ్చినవాళ్లు పూచీ పడాలి. పని జరక్కపోతే పూచీ పడ్డవాళ్లే ఆ పని చెయ్యాలి."

ఉలవచారు మాట వినగానే రాజుకు నోరూరింది.

"పూచీ నాది!" అని ఛాతీ చరుచుకున్నాడు సింగరాజు.

"ఇంకొక్క మాట దొరా," అంది అక్కమాంబ సింగరాజు వైపు తిరిగి. "రేపు యంత్రం నెగ్గితే, చాటుగా గొడ్డలి సాయం చేసిందని గిట్టనివాళ్లు గుసగుసలాడతారు. ఆ మాట పడటం తమరికెందుకు? గొడ్డలిని తమరి ఉగ్రాణంలోనే పెట్టి, తమరి ముద్రే వేసుకోండి. కావలసినవాళ్లు కొలువులో నిలబడి రాజుగారిని అడిగి తీసుకుంటారు."

సింగరాజు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. అప్పటికప్పుడే గొడ్డలి తెప్పించి, తాళం వేయించి, లక్కముద్ర కొట్టించాడు.

బయటికి రాగానే బయ్యన్న అడ్డుపడ్డాడు. "పని పోతే పోయింది, నా గొడ్డలి కూడా అప్పజెప్పేశావేంటక్కా!"

"భద్రంగా దాయించానయ్యా. నువ్వు మన చింతమొద్దులు ఎక్కడున్నాయో చూపించు చాలు."

ఉలవచారు సంగతి వండేవాళ్లకే తెలుస్తుంది. పొద్దుటి నుంచీ సన్నటి సెగ మీద మరగాలి. సరుగుడు కట్టె భగ్గున మండి ఊరుకుంటుంది. నిప్పు నిలవాలంటే చింతకట్టే కావాలి. చింతమొద్దంటే ఒళ్లంతా ముడులే, మెలికలే.

మర్నాడు పొద్దున్నే చింతమొద్దును యంత్రం మీదికి ఎక్కించారు. నలుగురూ చక్రం తిప్పారు. పలక జానెడు లోపలికి దిగి, ముడి దగ్గర ఆగిపోయింది. ముందుకు పోదు, వెనక్కి రాదు. మరో నలుగురు చెయ్యి వేశారు. చక్రం పిడి వంకర పోయింది. సింగరాజు యంత్రాన్ని బతిమాలాడు, మొద్దును తిట్టాడు, చివరికి తనే ఒక తన్ను తన్ని కాలు పట్టుకు కూర్చున్నాడు.

పొద్దెక్కింది. "ఉలవచారు వాసన రాదేం?" అని రాజుగారి నుంచి మూడుసార్లు కబురొచ్చింది.

చివరికి సింగరాజు కుంటుకుంటూ కొలువులోకి వచ్చాడు.

"ప్రభూ... చిన్న అనుమతి..."

"దేనికి?"

"ఉగ్రాణంలో ఉన్న ఆ... గొడ్డలికి."

"యంత్రం ఉండగా గొడ్డలెందుకయ్యా?"

"యంత్రం నోట్లో మొద్దు ఇరుక్కుంది ప్రభూ. ఊడదీయాలి."

కొలువంతా పైపంచెలు నోటికి అడ్డం పెట్టుకుంది. రాజు లేచి కట్టెల దొడ్డికే నడిచాడు. కొలువూ వెంట నడిచింది. సింగరాజు ముద్ర తనే పగలగొట్టుకుని గొడ్డలి తెచ్చాడు. బయ్యన్న నాలుగు దెబ్బల్లో పక్కలు చెక్కి యంత్రాన్ని విడిపించాడు.

"బాగుంది. ఇప్పుడు పూచీ సంగతేమిటి సింగరాజూ?" అన్నాడు రాజు.

సింగరాజు పంచె ఎగగట్టి, కళ్లు మూసుకుని, ఆ మొద్దు నడినెత్తిన ఒక్క వేటు వేశాడు. గొడ్డలి అందులోనే కూరుకుపోయింది. ఎంత లాగినా రాలేదు.

బయ్యన్నకు జాలేసింది. "ముందు మొద్దు చుట్టూ తిరిగి చూడాలి దొరా. నెర్రె ఎటుందో కనబడుతుంది. అక్కడ, అంచున వెయ్యాలి. పోన్లెండి, ఇలా తప్పుకోండి."

గొడ్డలితోపాటే మొద్దును పైకెత్తి, గాల్లోనే తిరగేసి, గొడ్డలి వీపు కింది దిమ్మకు తగిలేలా ఒక్కటి వేశాడు. మొద్దు తన బరువుకు తనే దిగి నిలువునా రెండయింది.

రాజు తెల్లబోయి చూశాడు. "అక్కమ్మా, నిజం చెప్పు. రెంటిలో ఏది ఉంచమంటావు?"

అక్కమాంబ చేతులు జోడించింది.

"గొడ్డలి ఇరుక్కుంటే మొద్దు పగిలింది ప్రభూ. యంత్రం ఇరుక్కుంటే గొడ్డలికి కబురొచ్చింది. ఆపైన తమరి చిత్తం."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. కొలువువాళ్లు పైపంచెలు తీసేసి మరీ నవ్వారు. సింగరాజుకు కూడా ఉండబట్టలేక నవ్వొచ్చేసింది. రాజు తన మెడలోని ముత్యాలదండ తీసి అక్కమాంబకు ఇచ్చాడు. బతికున్నంతకాలం వంటశాల కట్టెల పని బయ్యన్నదేనని అక్కడికక్కడే మాట ఇచ్చి, తన భుజం మీది శాలువాను అతనికి కప్పాడు.