పొన్నారి చూసిన మడుగు

గుట్టల నడుమ టేకు అడవిలో ఏటా ఎండలు ముదిరేలోపు జంతువులన్నీ ఒకచోట చేరేవి. ఆ వేసవికి ఎక్కడ నీళ్ళు తాగాలో ఏనుగు పెద్దమ్మ తేల్చేది. కిందటేడు ఎవరో "ఎర్రమడుగులో నీళ్ళున్నాయట" అంటే అందరూ అటే వెళ్ళారు. నీళ్ళ కింద ఊబి ఉంది. పొన్నారి అనే లేడి ఒక్కగానొక్క చెల్లెలు అందులో దిగబడి మళ్ళీ లేవలేదు.

ఆ తర్వాత పెద్దమ్మ ఒక కట్టడి పెట్టింది. ఇకమీదట నోటిమాట చెల్లదు, చెప్పదలచుకున్నది టేకాకు మీద రాసుకొచ్చి చదవాలి. ఎవరి రాత నిలబడితే ఆ వేసవంతా మందకు ముందు నడిచేది వాళ్ళే.

పొన్నారి రాయడం నేర్చుకోవడానికి తాబేలు తాత దగ్గర చేరింది. ముల్లుతో గీస్తే ఆకు మీద అక్షరం ఎర్రగా తేలేది. మొదటి ఆకు మీద ఇలా రాసింది: "ఎర్రమడుగు చెడ్డది. ఎవరూ పోకూడదు."

"నీకెలా తెలుసమ్మా?" అన్నాడు తాత.

"అందరికీ తెలిసిందే కదా తాతా."

"అందరూ అంటే ఎవరెవరు?"

పొన్నారి కళ్ళు చెమ్మగిల్లాయి. "నా చెల్లెలు పోయింది. అది చాలదా?"

"ఏడవడానికి చాలు తల్లీ," అన్నాడు తాత. " కానీ అది కిందటేటి సంగతి, అదీ ఒక ఒడ్డున. వెళ్ళి చుట్టూ చూసిరా. నువ్వు చూసింది చూసినట్టు రాయి. ఇంకొకరు చెప్పింది వాళ్ళ పేరుతో రాయి. నువ్వు అనుకునేది చివర్లో రాయి. మూడూ కలిపేశావా, నీకే తికమక."

వెళ్ళాలని లేకపోయినా వెళ్ళింది. చెల్లెలు దిగబడింది తూర్పు ఒడ్డునే. అయినా ముందు అటే వెళ్ళి ఒక్కో అడుగూ వేసి చూసింది. అక్కడ గూడు కట్టుకున్న కొంగ పలకరించి, "పడమటి ఒడ్డున అంతా గులకరాళ్ళేనమ్మా, నేను రోజూ నిలబడే చోటే" అంది. పొన్నారికి ఆ మాట రుచించలేదు. మడుగు మొత్తం చెడ్డదే అయితే బావుండుననిపించింది. కానీ పడమటికి వెళ్ళి దిగి చూస్తే నేల నిజంగానే గట్టిగా ఉంది. చాలాసేపు అక్కడే కూర్చుని, ఆ సంగతీ రాసింది.

ఆకు ఎండలో పెట్టి మేతకు వెళ్ళినప్పుడు నక్క రంగశాయి వచ్చాడు. ఆ రాతంతా గబగబా ఇంకో ఆకు మీదికి ఎక్కించుకున్నాడు. కొంగ పేరు అనవసరమనిపించి తీసేశాడు.

సభలో ముందుగా లేచింది అతనే. గొంతు సవరించుకుని చదివాడు. "తూర్పు ఒడ్డున మూడుచోట్ల దిగాను. మూడుసార్లూ నా గిట్టలు పూర్తిగా మునిగాయి. పడమటి ఒడ్డున అంతా గులకరాళ్ళే, నేల గట్టిది."

కుందేళ్ళు నక్క కాళ్ళ వైపు చూశాయి. పెద్దమ్మ కూడా చూసింది.

"రంగశాయీ, నీకు గిట్టలెక్కడివి?"

అతను ఆకు వైపు చూశాడు, తన పంజాల వైపు చూశాడు.

"పోనీ, పడమట నేల గట్టిదని ఎవరు చెప్పారు?"

"అదీ... నేనే చూశాను."

"నేను చెప్పాను పొన్నారికి" అంది పైనుంచి కొంగ.

పొన్నారి లేచి తన ఆకు చదివింది. పెద్దమ్మ ఆపి ఆపి అడిగింది. తెలిసింది చెప్పింది పొన్నారి. "వానలు వెనకబడితే నీళ్ళు చాలుతాయా?" అన్నప్పుడు మాత్రం "తెలియదు పెద్దమ్మా, చూడలేదు" అంది. ఆ జవాబు విన్నాక పెద్దమ్మ ఇంకేమీ అడగలేదు.

ఆ వేసవి పొన్నారి ముందు నడిచింది. మంద పడమటి ఒడ్డునే నీళ్ళు తాగింది. ఒక్క కాలూ దిగబడలేదు.

నాలుగు రోజులకు రంగశాయి తల వంచుకుని తాబేలు తాత దగ్గరికి వచ్చి, దూరంగా నిలబడ్డాడు. తాత ఏమీ అనకముందే పొన్నారి పక్కకు జరిగి కాస్త చోటిచ్చింది. ఒక ముల్లు అతని ముందు పెట్టి, "ఇవాళ పొద్దున్నుంచి నువ్వు నీ కళ్ళతో ఏం చూశావో, అది రాయి అన్నా" అంది.

నీతి: ఎలా తెలిసిందో దాచకుండా చెప్పిన మాటనే నలుగురూ నమ్మి నడవగలరు.