చెంగమ్మ నాలుక

మాణిక్యాంబ గారిని ఏదైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పరు. అడిగినవాళ్ళ చేతికి ఒక పని అప్పగిస్తారు. ఆ పని అయ్యేసరికి కొందరికి జవాబు దొరుకుతుంది, కొందరు అడిగిన ప్రశ్నే మరిచిపోతారు. రెండూ మంచివేనని ఆవిడ అభిప్రాయం. ఉదయగిరి కొండ కింద ఒక పల్లెలో ఆవిడ ఆకులతో, వేర్లతో వైద్యం చేసేవారు.

వానలు మొదలైన రెండు మూడు వారాలకు ఒక ఉదయం, శిష్యురాలు వకుళ పొయ్యి ముందు మిరియాలు దంచుతూ అడిగింది.

"అమ్మగారూ, మనిషికి హస్తవాసి వచ్చిందని ఎట్లా తెలుస్తుంది?"

ఊరికే అడిగిన ప్రశ్న కాదది. వకుళ కావలిలో సొంతంగా వైద్యం మొదలుపెట్టాలనుకుంటోంది. గురువు వెళ్ళమంటే తప్ప శిష్యులు వెళ్ళకూడదన్నది ఆ ఇంటి పద్ధతి. ఆ మాట కోసం ఆమె ఏడాదిగా ఎదురుచూస్తోంది. ఈ మధ్య ఆమెకు కాస్త ధైర్యం కూడా వచ్చింది, ఎందుకంటే సాక్ష్యం అరుగు నిండా కూర్చుని ఉంది.

దగ్గు, పడిశం కషాయం కాచే పని ఈ వానాకాలం నుంచి వకుళది. తులసి, శొంఠి, మిరియాలు, నిమ్మగడ్డి, అన్నీ గురువు వేసేవే. పొయ్యి మీదనుంచి దించాక మాత్రం ఆమె అందులో ఇంత అతిమధురం, నాలుగు ఏలకులు, అడ్డూ ఆపూ లేకుండా తాటిబెల్లం కలిపేది. మాణిక్యాంబ గారి కషాయాన్ని జనం ముక్కు మూసుకుని మింగేవాళ్ళు. వకుళ కషాయాన్ని చప్పరిస్తూ తాగి, గ్లాసు మళ్ళీ చాపుతున్నారు. "హస్తవాసంటే వకుళమ్మదే" అని అరుగు మీద రోజూ వినిపిస్తోంది. ఆ మాట గురువు చెవిన కూడా పడే ఉంటుందని వకుళ నమ్మకం.

మాణిక్యాంబ గారు తిప్పతీగ ముక్కలు కోస్తూ, తల ఎత్తకుండా అన్నారు. "ఈ పూట నేలవేము కాచు. ఏమీ కలపొద్దు. వచ్చినవాళ్ళకి తలా ఒక గుక్క ఇచ్చి, ఎట్లా ఉందో అడుగు."

"దగ్గుకు వచ్చినవాళ్ళకి నేలవేము ఎందుకండీ?"

"ముందు కాచు."

నేలవేము అంటే తెలియనివాళ్ళకు ఒక్క మాట చెబితే చాలు. దాని ముందు వేపాకు మిఠాయి.

ఎప్పటిలాగే మొదటి గ్లాసు అందుకున్నది పెంచలయ్య, రిటైరైన బస్సు కండక్టరు. గుక్క నోట్లో పడగానే ఆయన మీసాలు రెండూ రెండు దిక్కులకు కదిలాయి. పరువుగల మనిషి కాబట్టి మింగాడు.

"వకుళమ్మా, నాకు దగ్గు నిన్ననే తగ్గిపోయింది. చెప్పడం మరిచినాను."

"మరి ఇవాళ ఎందుకొచ్చారు?"

"తగ్గిందని చెప్పిపోదామనే," అని గొడుగు తీసుకుని లేచాడు.

ఆయన వెనక కూర్చున్నావిడ గ్లాసు వాసన చూసి మొగుడి వైపు తోసింది. "నాకు కాదమ్మా, ఆయనకే బాగలేదు."

"నాకేందే? గుండ్రాయిలా ఉండాను," అన్నాడాయన, అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెట్టి.

ఒకరి తరవాత ఒకరు, అందరికీ ఆ ఉదయమే ఆరోగ్యం కుదుటపడింది. అంతటి వైద్యం ఆ ఇంట్లో ఎన్నడూ జరగలేదు. ఖాళీ అయిన అరుగును చూస్తూ వకుళ నిలబడింది. గురువు తిప్పతీగ కోస్తూనే ఉన్నారు.

స్తంభం పక్కన ఒక్క మనిషి మిగిలింది, వంటల చెంగమ్మ. చుట్టుపక్కల ఊళ్ళలో ఆవిడ పప్పుచారు లేకుండా పెళ్ళి జరగదు. చెంగమ్మ గుక్క కాదు, గ్లాసు మొత్తం తాగి, పైటకొంగుతో మూతి తుడుచుకుంది.

"బాగుండాదమ్మా. రోజూ మాదిరే కమ్మగా ఉండాది."

ఒక్కరైనా మిగిలారని వకుళకు ప్రాణం లేచొచ్చింది. గురువు వైపు తిరగబోయి ఆగింది. "కమ్మగానా?"

"ఆఁ. బెల్లం రవ్వంత తగ్గించినట్టున్నావు."

మాణిక్యాంబ గారు కత్తి పక్కన పెట్టారు. "చెంగమ్మా, ఈ మధ్య నీ చారు ఎట్లా ఉంటోంది?"

చెంగమ్మ అరుగు మీద ఇంకెవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించింది. మొన్నటి జ్వరం పోతూ పోతూ రుచి కూడా పట్టుకుపోయిందట. నోట్లో గారె పెట్టుకున్నా గడ్డి పెట్టుకున్నా ఒకటేనట. ఒక నిశ్చితార్థంలో పులుసుకు రెండు సార్లు ఉప్పు వేసి, నింద ఉప్పు మీద వేసిందట.

"వంటమనిషికి నాలుక చచ్చిందని తెలిస్తే ఎవరు పిలుస్తారమ్మా? శ్రావణంలో పెళ్ళిళ్ళు ఒప్పుకుని ఉండాను."

"ఇన్నాళ్ళూ వస్తున్నావు కదా, నాకొక్క మాట చెప్పలేదేం?" అంది వకుళ.

"నువ్వు అడిగితే గదా? గ్లాసు చేతికిచ్చి బాగుందా అంటివి. బాగుందంటిని."

ఇన్నాళ్ళూ పోసిన తాటిబెల్లమంతా వకుళకు ఇప్పుడు చేదెక్కింది. మాణిక్యాంబ గారు తిప్పతీగ చేటలోకి ఎత్తుకుని, "ఈవిణ్ణి నువ్వు చూసుకో" అని లోపలికి వెళ్ళిపోయారు.

వకుళ చెంగమ్మను వెలుతురులోకి తిప్పి కూర్చోబెట్టి నాలుక చాపమంది. సున్నం పూసినట్టుంది. జ్వరం ఎప్పుడొచ్చింది, ఏం తింటోంది, ఆకలి ఏ వేళకు వేస్తోంది, నిద్ర ఎట్లా పడుతోంది, అన్నీ అడిగింది. అడగాల్సినవి ఇన్ని ఉన్నాయని ఆమెకే ఆశ్చర్యం వేసింది. పొద్దున నేలవేము, భోజనానికి ముందు ఉప్పద్దిన అల్లం ముక్క, రాత్రికి జావ. బెల్లం మాట ఎత్తలేదు.

ఆ మధ్యలో ఒక పుట్టినరోజు విందుకు చెంగమ్మ వెంట తనూ వెళ్ళి, గాడిపొయ్యి పక్కన కూర్చుని ప్రతి గిన్నెలో ఉప్పు చూసింది. "వంట కాకముందే తినడానికి కూర్చుంది, ఎవరమ్మాయి ఈమె?" అని ఆ ఇంటి పెద్దావిడ అందరికీ వినబడేట్టు అడిగింది. వకుళ తల వంచుకుని ఇంకో గరిటె రుచి చూసింది. ఆ విందులో పులుసుకు పేరొచ్చింది, చెంగమ్మకు.

అరుగు మాత్రం పలచబడింది. పెంచలయ్య అప్పుడప్పుడూ వీధిలోనే ఆగి, "ఇవాళ ఏది కాచినావమ్మా?" అని అడిగేవాడు. నేలవేము అంటే, "అయితే నాకు బాగానే ఉండాది" అని సాగిపోయేవాడు.

శ్రావణం వచ్చింది. మొదటి పెళ్ళి రేపనగా చెంగమ్మ పొద్దున్నే వచ్చి, ఎప్పటిలాగే గ్లాసు ఎత్తి గుక్క వేసింది. కళ్ళు పెద్దవయ్యాయి. ఒక్క పరుగున అరుగు చివరికి వెళ్ళి మందారం మొదట్లో ఉమ్మేసింది.

"ఇదేం పాడు కషాయమే తల్లీ. ఇన్నాళ్ళూ నాకు పోసింది ఇదేనా? గొడ్డుకు కూడా పొయ్యరే ఇట్లాంటిది. నిన్ను నమ్మి వస్తే నా నోట్లో..."

అక్కడ ఆగిపోయింది. చెయ్యి మూతి మీద పెట్టుకుంది. మెల్లిగా వెనక్కి వచ్చి, వేలు గ్లాసులో ముంచి నాలుకకు రాసుకుంది. మొహం మళ్ళీ వికారంగా ముడుచుకుని, ఆ ముడుతల్లోంచే నవ్వు పొంగింది. "చేదు," అంది. "అబ్బా, ఎంత చేదుగా ఉందే."

వకుళ వంటింట్లోకి పరుగెత్తి చింతపండు, ఉప్పు, వాము, ఇంగువ, ఏది చేతికందితే అది పళ్ళెంలో వేసుకొచ్చింది. చెంగమ్మ కళ్ళు మూసుకుని ఒక్కొక్కటే నాలుక మీద పెట్టుకుని పేరు చెప్పింది. చింతపండు దగ్గర, "ఇది పాతది, నిరుడుది. మీ ఇంట్లో చారు ఎట్లా తాగుతారే?" అని వెక్కిరించింది కూడా. ఇద్దరూ కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

ఆ గోలకు మాణిక్యాంబ గారు గుమ్మంలోకి వచ్చారు. "ఇందాక ఎవరినో తిడుతున్నారు. ఎవరినే?"

"నన్నేనండీ," అంది వకుళ, నవ్వు ఆపుకోలేక. "నా కషాయాన్ని."

మాణిక్యాంబ గారు చెంగమ్మను చూశారు, పళ్ళెం చూశారు.

"కావలికి ఎప్పుడు వెళ్తావో వెళ్ళు, వకుళా. హస్తవాసి సంగతి మాత్రం ఆ తిట్టినావిణ్ణి అడిగి వెళ్ళు."