అరవై వరహాల ఇల్లు

అనగనగా తెడ్లరేవు అని ఒక పట్టణం. ఆ పట్టణానికి ఒక రాజు ఉండేవాడు, రాజుకో కోట ఉండేది, కోట చుట్టూ కందకం ఉండేది. వాటితో మనకేం పని లేదు. ఈ కథ ఒక బుట్టలల్లే ఆవిడది, ఆవిడ కొనబోయిన ఒక చిన్న పెంకుటింటిది.

ఆవిడ పేరు సూరమ్మ. వెదురుబద్దలు చీల్చి చేటలు, తట్టలు, గంపలు అల్లేది. అల్లేటప్పుడు ఆమె చెయ్యి ఎంత నిలకడగా ఉండేదో, కాలు అంత నిలకడలేనిది. కూర్చుంటే లేచేది, లేస్తే నడిచేది, నడిస్తే పరుగెత్తేది.

"కాస్త కుదురుగా ఉండవే" అనేవాడు మొగుడు బోడెయ్య.

"ఇల్లు లేనోళ్ళకి కుదురెక్కడిది మావా?" అనేది సూరమ్మ.

ఆమె మాటా నిజమే. తొమ్మిదేళ్ళలో పదకొండు అద్దె పంచలు మారారు వాళ్ళు. వెదురు పేళ్ళు పిల్లల కాళ్ళకు గుచ్చుకుంటున్నాయని ఒకరు పొమ్మన్నారు. పచ్చివెదురు వాసన పడదని ఇంకొకరు పొమ్మన్నారు. ఏ వంకా దొరకనివాళ్ళు బావమరిది వస్తున్నాడని చెప్పారు. ఆ బావమరుదులు ఎవరూ వచ్చినట్టు నేనైతే వినలేదు.

అందుకే సూరమ్మ కడుపు కట్టుకుని కూడబెట్టింది. ఆ ఏడు వానలు ఇంకో పది రోజుల్లో పడతాయనగా, పోకల వర్తకుడు చందనయ్య బజారువీధిలోని తన పాత ఇల్లు అమ్ముతానన్నాడు. రెండు గదులు, ముందు అరుగు, వెనక వెదురు ఆరబెట్టుకోవడానికి ఎండ తగిలే పెరడు. ఆ పెరడు చూసేసరికి సూరమ్మ ప్రాణం లేచొచ్చింది.

"ధరెంత బాబూ?"

"అరవై వరహాలు."

"అరవయ్యేనా?"

"అరవయ్యే సూరమ్మా. నేను నోటితో అన్నానంటే రాసిచ్చినట్టే."

సూరమ్మ ఇంకో మాట అడగలేదు. ఎక్కడ మనసు మార్చుకుంటాడోనన్న తొందరలో అక్కడికక్కడే కొంగు విప్పి పది వరహాలు బయానా ఇచ్చేసింది. చూడండి పిల్లలూ, ఇంకో మాట అడగవలసింది సరిగ్గా ఇక్కడే. కానీ కాలు నిలవనివాళ్ళకు ఆ మాట అడిగే తీరిక ఉంటుందా?

తెడ్లరేవులో ఇల్లు అమ్మే రోజున ఒక ఆచారం ఉంది. పొద్దున్నే అమ్మేవాడు తలుపు గొళ్ళేనికి వరిగడ్డి పేని ముడి వేస్తాడు. అమ్మకపు పత్రం మీద రాజముద్ర పడ్డాక, కొన్నవాళ్ళు తమ చేత్తో ఆ ముడి విప్పాలి. విప్పితే ఇల్లు వాళ్ళది. పొద్దు గుంకేలోగా విప్పలేకపోతే బేరం చెడినట్టే. బయానా అమ్మేవాడికి మిగిలిపోతుంది, ఇల్లూ అతనికే మిగిలిపోతుంది.

అనుకున్న రోజు వచ్చింది. పాత పంచ అప్పుడే ఇంకొకరికి ఇచ్చేశారు. అందుకని బోడెయ్య అద్దెబండి మీద కుండలు, చాపలు, వెదురు మోపులు వేసుకుని తెల్లారేసరికి కొత్త ఇంటి ముందు దిగాడు. సూరమ్మ దగ్గర రెండు సంచులున్నాయి. పెద్ద సంచిలో ఇంటి ధరలో మిగిలిన యాభై వరహాలు. చిన్న సంచిలో ఆరు. వానాకాలంలో బుట్టలు కొనేవాళ్ళుండరు కదా, ఆ మూణ్ణెల్ల తిండి ఆ ఆరింటిలోనే ఉంది.

చందనయ్య చిరునవ్వుతో గడ్డిముడి బిగించాడు.

"ముడి విప్పాలంటే పత్రం కావాలి. పత్రం రాయాలంటే కొలత కావాలి. కొలతగాణ్ణి పిలుచుకురా సూరమ్మా" అని, రెండిళ్ళ అవతలున్న తన అంగడిలోకి వెళ్ళి కూర్చున్నాడు.

సూరమ్మ పరుగెత్తింది. కొలతగాడు ముళ్ళు వేసిన తాడు పట్టుకొచ్చి గోడలు కొలిచాడు, పెరడు కొలిచాడు, అరుగు కొలిచి చెయ్యి చాపాడు.

"రెండు వరహాలు."

"రెండా! ఎందుకయ్యా?"

"ఒకటి నాకు, ఒకటి తాడుకి."

"తాడేమన్నా అన్నం తింటదా?"

"తినదు గానీ అరుగుతుందమ్మా. ఏడాదికి రెండు తాళ్ళు కొంటున్నా" అన్నాడతను.

సూరమ్మ చిన్న సంచి విప్పి రెండు ఇచ్చింది. కొలత చీటీ చేతిలో పడగానే, తర్వాత ఏముందని అడగకుండా లేఖరి ఇంటికి పరుగు తీసింది.

లేఖరి తాటాకు సవరించి, గంటం నూరి, తీరిగ్గా రాశాడు. ఆ తీరిక చూస్తుంటే సూరమ్మకు అరికాళ్ళలో నిప్పులు పోసినట్టు ఉంది. గుమ్మంలోకి వెళ్ళి ఎండ చూసొచ్చింది. మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ వచ్చింది.

"నువ్వలా తిరుగుతుంటే నా అక్షరాలు కూడా తిరుగుతున్నాయమ్మా" అని విసుక్కున్నాడు లేఖరి. రాయడం అయ్యాక, "మూడు వరహాలు. ఒకటి రాతకి, ఒకటి కోటలో ఉంచే నకలుకి, ఒకటి సాక్షులిద్దరికీ" అన్నాడు.

సూరమ్మకు ఒళ్ళు మండింది. "అరవయ్యని చెప్పి ఇల్లు అమ్మితే, మధ్యలో ఈ మూడెక్కడివి?"

"నువ్వు బుట్టకు మూత అల్లితే వేరే పుచ్చుకోవా?"

"పుచ్చుకుంటా! కానీ బుట్ట ఎంత, మూతకెంత అన్నది బేరానికి ముందే చెబుతా. బుట్ట నెత్తికెత్తుకుని ఇంటికెళ్ళేవాళ్ళని సగం దారిలో ఆపి అడగను."

లేఖరి తల గోక్కున్నాడు. "అది న్యాయమే. నిన్న వచ్చి అడిగుంటే నేనూ చెప్పేవాణ్ణి. ఇవాళ పనైపోయింది కదమ్మా" అన్నాడు.

పని చేయించుకుని కూలి ఎగ్గొట్టే మనిషి కాదు సూరమ్మ. మూడూ ఇచ్చేసింది. చిన్న సంచిలో ఒకే ఒక్క వరహా మిగిలింది. ఎండ నడినెత్తి దాటి పడమరకు వాలింది.

ముద్రశాల ఊరికి ఆ చివర. అక్కడికి చేరేసరికి సూరమ్మకు ఆయాసంతో మాట రాలేదు. ముసలి ముద్రాధికారి పత్రం ఆసాంతం చదివి, మెళ్ళో వేలాడుతున్న రాజముద్రను చేతిలోకి తీసుకున్నాడు.

"రుసుము కట్టు తల్లీ. ధరలో పదిహేనో వంతు, నాలుగు వరహాలు."

సూరమ్మ అక్కడే గోడకు ఆనుకుని నిలబడిపోయింది. పెద్ద సంచిలో చెయ్యి పెడితే ఇంటి ధరకు తక్కువవుతుంది. చిన్న సంచిలో ఉన్నది ఒకటి. మూడు వరహాల దగ్గర ఇల్లూ పోతుంది, బయానా పదీ పోతుంది. బండి మీద సామాను, వీధిలో మొగుడు, నెత్తిన వాన. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడిస్తే పొద్దు ఆగదు గనక కళ్ళు తుడుచుకుని చందనయ్య అంగడికి పరుగెత్తింది.

"బాబూ, ధరలో మూడు వరహాలు తగ్గించు. వానలు పోయాక మూడుకి ఆరు ఇస్తా."

చందనయ్య పోకచెక్క బుగ్గన పెట్టుకుని తాపీగా నమిలాడు. "ధర ధరే సూరమ్మా. ఒక్క కాసు తగ్గినా ముడి విప్పనిచ్చేది లేదు" అంటూ పడమటి దిక్కుకు ఒక చూపు చూశాడు.

ఆ చూపులో ఆశ్చర్యం లేదు. జాలి అంతకంటే లేదు. సూరమ్మకు ఏదో కలుక్కుమంది గానీ, ఏమిటో తేలలేదు. బండివాడు "నా బండి పొద్దుగుంకేసరికి నాకు కావాలి" అని బోడెయ్య మీద కేకలేస్తున్నాడు. ఆమె మళ్ళీ ముద్రశాలకే పరుగెత్తింది.

"అయ్యా, మీరే దయచూడాలి."

"ఇది రాజుగారి సొమ్మమ్మా, తగ్గించడానికి నేనెవర్ని?" అన్నాడు ముద్రాధికారి. అయినా మనసొప్పక దస్త్రం ముందుకు లాక్కున్నాడు. "ఏ ఇల్లన్నావు? బజారువీధి, చందనయ్యదా? ఇదేమిటి! ఈ ఇల్లు ఈ దస్త్రంలోకి రావడం ఇది నాలుగోసారి."

సూరమ్మ కాళ్ళు ఆ రోజు మొదటిసారి ఆగాయి.

"నాలుగోసారా? మరి ముందు కొన్నోళ్ళేమయ్యారు?"

"ఎవరికీ ముద్ర పడలేదు. అంతకుమించి ఊరికే చెప్పకూడదు. ఒక వరహా కట్టి కోరితే మాత్రం, కోరినచోట అందరి ముందూ చదివి వినిపించడం మా విధి."

సూరమ్మ చిన్న సంచిలోకి చూసింది. ఆ ఒక్క వరహా పదిహేను రోజుల గింజలు. పొద్దుట్నించీ తనను అడిగిన ప్రతి రుసుమూ ఏడుస్తూ కట్టింది. ఇది మాత్రం తనే అడిగి, ఠంగుమని బల్ల మీద పెట్టింది.

"చందనయ్య అంగడి ముందు చదవండయ్యా. ఇప్పుడే."

తప్పెట మోగింది. బజారంతా పోగైంది. అంగడిలో ఒక ఓడ వర్తకుడు యాభై బస్తాల పోకలకు బేరం చేస్తున్నవాడు కాస్తా ఇవతలికి తిరిగాడు. ముద్రాధికారి గొంతు సవరించుకుని చదివాడు.

"మొదటిసారి. కొనవచ్చినవాడు కుమ్మరి పెంటయ్య. బయానా పది. ముద్ర రుసుము కట్టలేకపోయాడు. పొద్దు గుంకింది."

"రెండోసారి. నేతపని అచ్చాయమ్మ. బయానా పది. రుసుము కట్టలేకపోయింది. పొద్దు గుంకింది."

"మూడోసారి. పడవ సరంగు మస్తాను. బయానా పది. పొద్దు గుంకింది."

గుంపులోంచి పెంటయ్య ముందుకొచ్చాడు. "లెక్క తెలియని వెధవనని నన్ను నేనే తిట్టుకున్నానమ్మా. సిగ్గుతో ఇంట్లో కూడా సరిగ్గా చెప్పుకోలేదు. నాలాంటోళ్ళు ఇంకా ఉన్నారా?"

అచ్చాయమ్మ, మస్తాను కూడా అక్కడే ఉన్నారు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూడేళ్ళుగా ఒకే ఊళ్ళో ఉండి, ఒకే దెబ్బ తిని, ఎవరికి వాళ్ళు నోరు మూసుకున్నారు పాపం. చందనయ్యకు కావలసింది సరిగ్గా అదే.

చందనయ్య లేచి నిలబడ్డాడు. "రుసుములు నేను పెట్టానా? అవి ఊరి ఆచారం!"

"ఔను బాబూ, నువ్వు పెట్టలేదు" అంది సూరమ్మ. "కొలిచినాయన కొలిచాడు, రాసినాయన రాశాడు, ఆళ్ళ కష్టం ఆళ్ళది. నాకు ఆళ్ళ మీద కోపం లేదు. ముందుగా అడక్కపోవడం నా తప్పు, అదీ ఒప్పుకుంటా. కానీ అరవై పట్టుకొచ్చినోళ్ళు మధ్యలో ఆగిపోతారని నీకు ఒకసారి తెలిసింది, రెండుసార్లు తెలిసింది, మూడుసార్లు తెలిసింది. తెలిసి కూడా నాతో అరవయ్యే అన్నావు. నువ్వు ఇల్లు అమ్మడం లేదు, బయానాలు ఏరుకుంటున్నావు."

ఓడ వర్తకుడు తన డబ్బుసంచి మూతి బిగించాడు.

"చందనయ్యా, యాభై బస్తాల ధర నాకూ చెప్పావు. అందులో చెప్పకుండా ఏం దాచావో నాకేం తెలుసు? వేరే అంగడి చూసుకుంటాను."

చందనయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. ఒక పక్క మూడు వరహాలు, ఒక పక్క యాభై బస్తాలు. అంత గొప్ప వర్తకుడికి ఆ మాత్రం కూడిక రాకపోతుందా? గల్లాపెట్టె తెరిచి మూడు కాదు, ఐదు వరహాలు తీసి ముద్రాధికారి చేతిలో పోశాడు. నాలుగు ముద్రకు, ఒకటి చదివించినందుకు సూరమ్మ కట్టినదానికి బదులు.

వీధిలోనే లక్క కరిగించారు. ముద్ర పడింది. సూరమ్మ యాభై వరహాలూ చందనయ్య ముందు కుమ్మరించి ఇంటి వైపు పరుగెత్తింది. పొద్దు సగం ఏట్లోకి దిగిపోయింది. బోడెయ్య "ముడి, ముడి!" అని అరుస్తున్నాడు. పొద్దుటి నుంచి ఎండకు గడ్డి బిగుసుకుపోయి ఉంది. గోరు విరిగినా సూరమ్మ ఆగలేదు. ఆఖరి పోచ ఊడి కింద పడేసరికి, ఏటి మీద సన్నటి ఎర్రగీత ఇంకా మిగిలే ఉంది.

తలుపు తెరుచుకుంది.

లోపలికి అడుగుపెట్టిన సూరమ్మ చేతిలో తిరిగొచ్చిన ఒక్క వరహా ఉంది. ఇల్లయితే దక్కింది గానీ మూణ్ణెల్ల తిండిలో రెండు వంతులకు పైగా ఖర్చయిపోయింది. ఆ వానాకాలం వాళ్ళు గంజి తాగే గడిపారు. నేను దాచిపెట్టి చెప్పను, కష్టంగానే గడిచింది. కాకపోతే ఎవరూ పొమ్మనని కప్పు కింద కూర్చుని తాగారు.

పెంటయ్య, అచ్చాయమ్మ, మస్తాను ఊరుకోలేదు. రాజు దగ్గరకు వెళ్ళారు. రాజు దస్త్రం తెప్పించి చూసి, ముగ్గురి బయానాలూ చందనయ్య చేత తిరిగి ఇప్పించాడు. ఆ రోజు నుంచి తెడ్లరేవులో ఇల్లు అమ్మేవాళ్ళెవరైనా బయానా పుచ్చుకునే ముందే కొలతకెంత, రాతకెంత, ముద్రకెంత అన్నీ తాటాకు మీద రాసి కొనేవాళ్ళ చేతికివ్వాలని చాటింపు వేయించాడు. చందనయ్యకు పోకలున్నాయి, అంగడి ఉంది, గల్లాపెట్టె ఉంది. ఆయన ఒక ధర చెబితే మాత్రం, "ఇంకేముంది?" అని అడగని మనిషి ఆ బజారులో లేకుండా పోయాడు.

కనుక పిల్లలూ, ఇల్లు కొనేవాళ్ళు ధర ఒక్కటే అడిగి సంచి విప్పకూడదు, గడప దాటేదాకా అయ్యేదంతా ముందే అడిగి తెలుసుకోవాలి. ఆ ఖర్చు తెలిసీ దాచి అమ్మేవాడికి చివరికి తన పరువే ఖర్చవుతుంది.