నాంచారి పరస్థానం మూటలు

ఆ అట్టపెట్టె మీంచి దిగరా బుల్లోడా, అందులో మీ అమ్మ గాజు సీసాలు సర్దింది. ఇలా వచ్చి నా పక్కన పడుకో. ధృతీ, నువ్వు ఇటువైపు. మంచాలు విప్పేశారు కాబట్టి ఇవాళ అందరం చాపల మీదే. పూణే ఏం తీసుకెళ్ళాలి, ఏం వదిలెయ్యాలి అని పొద్దుట్నుంచీ మీ అమ్మా నాన్నా వాదులాడుకుంటున్నారుగా, అలాంటి కథే ఒకటి చెప్తా. ఊ కొట్టాలి మరి. మీ ఊ ఆగితే నా కథ ఆగుతుంది.

అనగా అనగా, మీ అమ్మ పుట్టకముందు, మీ అమ్మకి అమ్మనైన నేనూ పుట్టకముందు, ఒక ఊళ్ళో ఏరు అలిగి దారి మార్చుకుని వెళ్ళిపోయింది. ఊరంతటికీ ఒక్క బావి మిగిలింది. రాజు ఆ బావికి కాపలా పెట్టి, కడవకి ఇంత అని సుంకం పెట్టాడు. ఆ రాజు పేరు గండరగండడు. వాళ్ళమ్మ పెట్టిన పేరు కాదులే, ఆయనకి ఆయనే పెట్టుకున్నాడు.

ఆ ఊళ్ళో ఒక నేతవాళ్ళ ఇల్లు. ఇంట్లో ముగ్గురు. అత్తగారు పేరిందేవమ్మ, కొడుకు భావనయ్య, కోడలు నాంచారి. అత్తగారికి మోకాళ్ళు నడవవు, నోరు నడుస్తుంది. భావనయ్య మగ్గం ముందు కూర్చుంటే దేవుడే, లేచి నిలబడితే మాత్రం ఎటు వెళ్ళాలో తెలీదు. నాంచారి తక్కువ మాట్లాడేది, ఎక్కువ చూసేది. దానికి అక్షరం ముక్క రాదు. నాకూ రాలేదుగా చాలా ఏళ్ళు! మీ అమ్మ బళ్ళో చేరాక దాని పలక మీదే నేనూ దిద్దుకున్నాను. పాపం నాంచారికి ఆ పలక కూడా లేదు.

నేతపనికి నీళ్ళు కావాలి. నూలు తడపాలా, గంజి పెట్టాలా, రంగు వెయ్యాలా! గుడ్డ అమ్మగా వచ్చింది గుడ్డకి పోసిన నీళ్ళకే పోయేది. అలాంటప్పుడు ఒక బాటసారి వచ్చి, ఏడు మజిలీల అవతల సముద్రపొడ్డున కొత్త పట్నం కడుతున్నారనీ, నేతవాళ్ళకి ఇంటి జాగా ఇస్తున్నారనీ, అక్కడ బావికి కాపలా లేదనీ చెప్పాడు. మజిలీ అంటే దారిలో రాత్రికి ఆగే చోటు. నాంచారి వెంటనే పోదామంది.

పోదామంటే రాజు పోనిస్తాడా? అప్పటికే దండోరా వేయించి ఉన్నాడు. పోయేవాళ్ళు నిక్షేపంగా పోవచ్చునట. ఇంటికి ఒకటే బండి, ఒకటే సారి. ఊరి గవను, అదే కోటగోడకి ఉన్న పెద్ద వాకిలి, అక్కడ బండిలో ఉన్నదాంట్లో సగం రాజుగారికి ఇవ్వాలి. ఇంట్లో మిగిలిందంతా రాజుగారిదే. వెళ్ళినవాళ్ళు మళ్ళీ తిరిగొచ్చారా, ఇక బతికినన్నాళ్ళూ కోటలో కూలి లేకుండా నెయ్యాలి.

చూశారా ఎంత తెలివో! సగం బత్తెంతో, అదే దారి తిండితో, మూడు మజిలీలే వెళ్ళగలరు. ఆ తర్వాతంతా అడవి, కొనుక్కుందామన్నా దుకాణం ఉండదు. పక్కింటి గురవయ్య అలాగే వెళ్ళి, పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే చూడలేక బండి తిప్పాడు. ఇప్పుడు కోటలో రాజుగారి పరదాలు నేస్తున్నాడు. వాళ్ళావిడ గోడ ఇవతల నిలబడి అటు మగ్గం చప్పుడు విని, బతికే ఉన్నాడనుకుని ఇంటికి వస్తుంది.

ఊ కొడుతున్నారా? ఆఁ.

నాంచారి మర్నాడు వాకిట్లో ముగ్గు వేసింది. ఏడు చుక్కలు పెట్టింది, గీతలు మాత్రం గియ్యలేదు. ఒక చుక్క మీద గడ్డిపోచ, ఒక చుక్క మీద బియ్యపు గింజ, ఒకదాని మీద ఉప్పు కల్లు, ఒకదాని మీద తాటి నార ముక్క. చుక్క అంటే మజిలీ అన్నమాట. ఎక్కడ గడ్డి దొరకదు, ఎక్కడ వంటచెరుకు దొరకదు, దారి తెలిసిన ఉప్పుగాడిదల వాళ్ళని అడిగి, ఏ చుక్కకి ఏది కావాలో ఆ చుక్క మీదే పెట్టుకుంటోంది. భావనయ్య వచ్చి గీతలేవే అన్నాడు. మనం నడిస్తే అవే పడతాయి అంది.

అత్తగారు మాత్రం గడప మీద కూర్చుని, నా రుబ్బురోలు లేకుండా కదలను పొమ్మంది. కాపరానికొచ్చిన రోజు నుంచీ రుబ్బుతున్న రోలట. అప్పుడు నాంచారి ఏమందో తెలుసా?

"అత్తమ్మా, రోలు ఎక్కితే ఇరుసు విరుగుతుంది. ఇరుసు విరిగితే వడ్రంగి రావాలి. వడ్రంగి వస్తే అన్నం పెట్టాలి. అన్నం పెడితే బత్తెం తరుగుతుంది. బత్తెం తరిగితే బండి తిరుగుతుంది. బండి తిరిగితే నీ కొడుకు కోటలో కూర్చుంటాడు. ఇప్పుడు చెప్పు, బండి ఎక్కేది రోలా, నువ్వా?"

పేరిందేవమ్మ రోలు వంక చూసింది, కొడుకు వంక చూసింది. "పొత్రం అన్నా పట్టుకెళ్దామే" అంది. పొత్రమూ లేదు. ఆవిడ ఆ పూట అన్నం తినలేదు. రెండో పూట తింది.

సరే, బరువు తగ్గింది. సగం సుంకం సంగతేం చెయ్యాలి? అక్కడే నాంచారికి పరస్థానం గుర్తొచ్చింది. మీకు తెలీదు కదూ. వెనకటికి, మంచి గడియ ముందొచ్చి, మనం బయల్దేరేది వెనకైతే, ఆ గడియలో ఒక చిన్న మూట కట్టి వెళ్ళే దారిలో ఎవరింట్లోనో పెట్టించేవాళ్ళు. మూట కదిలితే మనిషి కదిలినట్టే. దాన్ని ఇంకా ముందుకి పంపొచ్చు గానీ, వెనక్కి మాత్రం తేకూడదు. తెస్తే ప్రయాణం చెడుతుంది, తెచ్చినవాడికీ చెడుతుంది. అదీ పరస్థానం.

నాంచారి పంతులుగారిని అడిగి మంచి గడియలో మూట పట్టుకుని గవను దగ్గరికి వెళ్ళింది. అక్కడి తలారి సగం ఇమ్మన్నాడు. పరస్థానం అయ్యా అంది. వాడు చెయ్యి వెనక్కి లాక్కుని లెంపలేసుకున్నాడు.

"పరస్థానానికి సుంకమేంటి తల్లీ, పాపం! మా ఏలినవారిదే ఇక్కడుంది చూడు" అని గూట్లోకి చూపించాడు. ఎర్రగుడ్డ మీద రాజుగారి కత్తి, దాని మీద వేలెడు దుమ్ము. పక్క దేశం మీద యుద్ధానికని మూడేళ్ళ కిందట పరస్థానం పెట్టారట. రాజుగారికి ఇంకా తీరిక కాలేదట.

నాంచారి దుమ్ము వంక చూసింది, నవ్వలేదు. మూట గూటి కింద పెట్టింది. సాయంత్రం గాడిదల వాళ్ళు అటు పోతుంటే ముందు మజిలీకి చేర్చమని, కూలి కింద ఒక తుండుగుడ్డ చేతిలో పెట్టింది. డబ్బులెక్కడివి దాని దగ్గర, దాని మగ్గమే దాని టంకసాల!

అత్తకి ఒక మూట వెళ్ళింది, మొగుడికి ఒక మూట వెళ్ళింది, తనకి ఒక మూట వెళ్ళింది. పేరు వాళ్ళది, లోపల మాత్రం ముగ్గులో ఒక్కో చుక్కకి కావలసిన సరుకు. ఎర్రెద్దుకి వెళ్ళింది, తెల్లెద్దుకి వెళ్ళింది, మేకకి వెళ్ళింది. తలారి ఎద్దులకీ పరస్థానమా అంటే, వాటికి మాత్రం ప్రయాణం కాదా అయ్యా అంది. ఆఖరిది మగ్గానికి. మగ్గం కొయ్యలు ఎక్కడైనా చేయించుకోవచ్చు. పన్నె ఉంటుంది చూడు, దారాల్ని దువ్వెనలా సర్దేది, అది వాళ్ళ మామగారి నాటిది. ఆ పన్నె, పోగు అటూ ఇటూ విసిరే నాడె ఆ మూటలో వెళ్ళాయి.

మధ్యలో భావనయ్య కొంప ముంచబోయాడు. పొడుం డబ్బీ మూటలో వెళ్ళిపోయిందని, అది ఇంకా గవను దగ్గరే ఉందని, తెచ్చుకుంటానని బయల్దేరాడు. మూట మీద చెయ్యి వేశాడో లేదో, తలారి కర్ర తీసుకుని తరిమాడు. "వెనక్కా? పరస్థానం వెనక్కా? నా కాపలాలోనా? నాకు పిల్లలున్నారయ్యా!" అని కేకలు. భావనయ్య అప్పట్నుంచీ పొడుం మానేశాడు. బుల్లోడా, నవ్వింది చాలు, ఊ కొట్టు.

బయల్దేరే రోజు వచ్చింది. ఇల్లు ఖాళీ. ఈ సంగతి ఎవరో రాజు చెవిన వేశారు. ఆయన పల్లకీలో గవను దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఊరు ఊరంతా గోడెక్కి చూస్తోంది. బండి వచ్చింది. బండిలో గడ్డి పరుపు మీద పేరిందేవమ్మ, ఒక నీళ్ళ కడవ, అంతే. వెనక మేక నడిచి వస్తోంది.

సామానేదని రాజు ఉరిమాడు. తలారి చేతులు కట్టుకుని పరస్థానం వెళ్ళిందన్నాడు. గుర్రాలు కట్టండి, మూటలన్నీ వెనక్కి తెండి అని రాజు అరిచాడు.

నాంచారి బండి ముందుకి వచ్చి నిలబడింది. ఎప్పుడూ తక్కువ మాట్లాడేది కదా, ఆ రోజు ఊరందరికీ వినపడేలా మాట్లాడింది.

"తెప్పించండి ఏలినవారూ. మా మూటలు వెనక్కి రావచ్చంటే గూట్లో ఉన్న మీ కత్తీ రావచ్చు. ముందు దాన్ని మీ చేత్తో ఇంటికి పట్టుకెళ్ళండి. పరస్థానానికి సగం సుంకం ఉందంటారా, ముందు ఆ కత్తి సగానికి విరిచి ఇవ్వండి. మీకొక ఆచారం, మాకొక ఆచారమా?"

రాజు గూటి దాకా వెళ్ళాడు. కత్తి వంక చూశాడు. చెయ్యి చాపాడు. తలారి కళ్ళు మూసుకున్నాడు. ఆ చెయ్యి వెళ్ళింది వెళ్ళినట్టే వెనక్కి వచ్చి మీసం సర్దుకుంది.

"సరే, బండిలో ఉన్నదాంట్లో సగం ఇవ్వు" అన్నాడు.

అప్పుడు పేరిందేవమ్మ పరుపు మీంచి లేచి కూర్చుంది. "ఏ సగం కావాలి నాయనా? మోకాళ్ళున్న సగమా, నోరున్న సగమా? మోకాళ్ళ సగమైతే రోజూ ఆముదం రాయాలి. నోటి సగమైతే రోజూ నేను చెప్పింది వినాలి. నీ ఇష్టం, ఆలోచించుకో. ఎండెక్కుతోంది, తొందరగా!"

గోడ మీద జనం పడీ పడీ నవ్వారు. రాజుకి మొహం కందిపోయింది. పొండి పొండి, మూడో మజిలీ నుంచి మీరే వస్తారు, కోటలో మగ్గం సిద్ధంగా ఉంచుతానన్నాడు. నాంచారి ఎద్దుల్ని అదిలిస్తూ, "నా ముగ్గులో వెనక్కొచ్చే గీత లేదు ఏలినవారూ" అంది.

మొదటి మజిలీలో గడ్డి మూట, ఎద్దులు తిన్నాయి. రెండో మజిలీలో బియ్యం మూట, మనుషులు తిన్నారు. మూడో మజిలీలో పప్పూ ఉప్పూ. నాలుగో మజిలీ అడవి. అక్కడ మూట లేదు.

అవునమ్మా, లేదు. గాడిదకి కాలు బెణికి దారిలో ఎక్కడో ఆగిపోయింది. భావనయ్య చీకటి అడవిని చూశాడు, మూట ఉండాల్సిన ఖాళీ గుడిసెని చూశాడు, ఎద్దుల్ని తిప్పాడు. బండి మొహం ఊరి వైపు తిరిగింది. ఎవరు ఆపారనుకున్నారు? నాంచారి అనుకున్నారా? పేరిందేవమ్మ! మోకాళ్ళు నడవని మనిషి, బండి దిగి ఎద్దుల ముందు అడ్డంగా కూర్చుంది.

"నా రోలు వదిలేసి వచ్చానురా నేను! ఊరికే వదిలానా? తిప్పితే నా మీంచి తిప్పు."

నాంచారి అత్తగారి పక్కన కూర్చుని కొంగు ముడి విప్పింది. మూటలు కట్టేటప్పుడు ఏ మజిలీకి ఎంత కావాలో చూసి, ఒక్కో పిడికెడు ఎక్కువే పోసింది. ఆ ఎక్కువ పిడికిళ్ళు మజిలీ మజిలీలో తీసి కొంగున కట్టుకుంది. తీస్తే ముగ్గురికీ గంజి అయింది. ఎద్దులకి పరుపులో గడ్డి వేశారు. అత్తగారు ఆ రాత్రి ఒట్టి చెక్కల మీద పడుకుని, రోలు కన్నా మెత్తగానే ఉందిలే అంది. మర్నాడు గాడిదవాడు కుంటే గాడిదతో మూట నెత్తిన పెట్టుకుని ఆయాసపడుతూ వచ్చాడు.

అయిదు, ఆరు, ఏడు. పట్నం వచ్చింది. కొత్త పొయ్యి మీద మేకపాలు పొంగించారు. నాంచారి కొత్త గడప ముందు అవే ఏడు చుక్కలు పెట్టి ఈసారి గీతలన్నీ కలిపేసింది.

అక్కడ రాజుగారి ఊళ్ళోనా? మర్నాటి నుంచీ ప్రతి వాకిట్లో చుక్కల ముగ్గులే. గవను దగ్గర మూటల వరస. ఇంటికొక రోలు వదిలి ఊరు ఖాళీ అయింది. బావికి కాపలాభటుడు కాపలా, కాపలాభటుడికి రాజు కాపలా. ఉత్తరీయం చిరిగితే నేసే చెయ్యి లేదు, ఉన్న ఒక్క గురవయ్య పరదాలతోనే సరి. చివరికి రాజే నడుచుకుంటూ పట్నం వచ్చాడు. నాంచారి ముందు అన్నం పెట్టింది, తర్వాత గుడ్డకి ధర చెప్పింది. రాజు అడిగినంతా ఇచ్చాడు. మనుషులు మళ్ళీ రావాలంటే ఏం చెయ్యాలమ్మా అని అడిగాడు. బావి మీద కాపలా తియ్యండి, గురవయ్యకి కూలి ఇచ్చి ఇంటికి పంపండి అంది. అలాగే చేశాడు. ఇష్టమున్నవాళ్ళు వెళ్ళారు, ఇష్టమున్నవాళ్ళు ఉండిపోయారు, అందరూ సుఖంగా ఉన్నారు. యుద్ధానికి మాత్రం ఆయన ఇంకా బయల్దేరలేదట.

అందుకని పిల్లలూ, దూరం వెళ్ళేటప్పుడు అక్కడికి చేరాక ఏం కావాలన్నది కాదు, దారిలో ప్రతి రాత్రీ ఏం కావాలో చూసుకోవాలి. ఒక్క పిడికెడు ఎక్కువ పెట్టుకోవాలి. రోలు దగ్గర గట్టిగా ఉండాలి.

ఏంటి ధృతీ? అమ్మమ్మా, నువ్వెందుకు అంత దూరం, అక్కడ భాష రాదు, చలి, మామయ్య దగ్గర ఉండమంటున్నారుగా అంటావా? అక్షరాలే పిల్లల తల్లినయ్యాక నేర్చుకున్నదాన్ని, నాలుగు మాటలు నేర్చుకోలేనా? ఉష్, మీ అమ్మకి చెప్పకండి. పొద్దున మంచి గడియ చూసి, రెండు చీరలూ నా కళ్ళజోడూ మూట కట్టి, కింది వాటా దమయంతిగారింట్లో పెట్టేసి వచ్చాను. అందుకే ఇవాళ పేపరు చదవలేదు. ఇంక దాన్ని వెనక్కి తెచ్చేవాళ్ళెవరో నేనూ చూస్తా.

కథ కంచి చేరిపోయింది. మనం ఎల్లుండి కొత్తింటికి చేరదాం. కళ్ళు మూసుకోండి.