సీసాలో సర్పగంధి

"దణ్ణం లేదు, మంత్రం లేదు. అలా సీసాలో పుట్టించిన మొక్క మందుకు పనికొస్తుందా గురువుగారూ?" అని అడిగాడు మార్కండేయులు.

నల్లమల అంచున వైద్యం చేసే సోమయాజులు గారికి శిష్యుడతను. మంచివాడే, కానీ మడీ ఆచారమూ అంటే చెవి కోసుకుంటాడు. తులసాకు తుంచాలన్నా ముందు దణ్ణం పెట్టి, "తల్లీ, క్షమించు" అని గానీ చెయ్యి వెయ్యడు. అదీ గురువుగారు నేర్పిందే.

సోమయాజులు గారేమో, ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పరు, పని చెబుతారు. "ఝాన్సీ గారి దగ్గర సీసాలు కడిగే మనిషి లేడట. కొన్నాళ్ళు వెళ్ళి చేసిపెట్టు" అన్నారు.

ఝాన్సీ గారు పట్నంలో మూలికల మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త. మందుకు వాడే వేరు కోసం తవ్వీ తవ్వీ గురువుగారి ఊరి కొండ మీద సర్పగంధి కనబడకుండా పోయింది. గురువుగారి పెరట్లో మిగిలిన ఆఖరి మొక్క కూడా ఎండలకు మాడిపోయింది. అది పోకముందే ఆవిడ దాని చిగుళ్ళు తెచ్చి, సీసాల్లో జావలాంటి మందు మీద పెంచుతున్నారు. ఆ కొండ సర్పగంధి వంశమంతా ఇక ఆ సీసాల్లోనే ఉంది.

అబ్బో, ఆ గదిలో శుభ్రం ముందు మార్కండేయులు మడి ఏ మూలకి! ఆవిడ మోచేతుల దాకా కడుక్కుంటారు, నోటికి గుడ్డ కట్టుకుంటారు, కత్తిని మంటలో కాల్చి గానీ చిగురు ముట్టుకోరు. "మూత తీసి ఊపిరి వదిలినా బూజు పడుతుంది. నేను లేనప్పుడు తియ్యకండి" అని మరీ మరీ చెప్పారు. ఇతగాడి బెంగ వేరు. దణ్ణానికి నోచుకోని మొక్కలు, వాటికి మంచి ఎలా జరుగుతుంది పాపం, అని. బెంగపడి ఊరుకున్నా బాగుండేది. ఒక మధ్యాహ్నం ఆవిడ భోజనానికి వెళ్ళగానే మూతలన్నీ తీసి, భక్తిగా మంత్రం చదువుతూ, ఒక్కో సీసాలో ఉద్ధరిణెడు తులసి తీర్థం పోశాడు మహానుభావుడు!

వారం తిరక్కుండా సీసాలన్నీ తెల్లగా బూజు పట్టాయి.

ఝాన్సీ గారు కుర్చీలో కూలబడ్డారు. "నేనేనమ్మా, తీర్థం పోశాను. వాటికి మేలు జరుగుతుందనుకున్నాను" అని మార్కండేయులు బావురుమన్నాడు. ఆవిడ లేచి, "ఏడుపు నాకూ వస్తోంది. కానీ బూజు మన కోసం ఆగదు. చేతులు కడుక్కుని రండి" అన్నారు.

బూజు ఇంకా పైదాకా పాకని మొక్కలు ఏరారు. వాటిని మందునీళ్ళలో కడిగి, భూతద్దం కింద పెట్టి, చిగురు లోపలి చిగురును ఆవగింజంత ముక్కగా కోసి కొత్త సీసాల్లో ఉంచారు. పొద్దున కూర్చున్న మనిషి సాయంత్రానికి గానీ తలెత్తలేదు. ఆవిడ ఊపిరి బిగబట్టినప్పుడల్లా, పక్కన సీసాలు అందించే ఇతనూ బిగబట్టాడు. తరవాత రోజుల్లో కొన్ని ముక్కలు నల్లబడ్డాయి, కొన్నిటికి మళ్ళీ బూజు పట్టింది. ఒక్కటంటే ఒక్కటి పచ్చగా నిలిచింది. ఆ ఒక్కదాన్నుంచే పిలకలు తీశారు, వేళ్ళు పోయించారు, మెల్లమెల్లగా బయటి గాలికి అలవాటు చేశారు. మరుసటి ఏడు వానలు పడేసరికి బుట్టెడు మొక్కలు! ఆ ఓపికను ఏమని పొగడాలో నాకు మాటలు చాలడం లేదు.

గురువుగారితో కలిసి ముగ్గురూ బుట్ట పట్టుకుని కొండెక్కారు. ఒకప్పుడు వేరు తవ్వుకున్న గుంటలు ఇంకా పూడలేదు. వాటిలోనే నాటారు. ఝాన్సీ గారు ముందు వెళ్ళి ఒక్కో మొక్క మొదట్లో మట్టి సర్దుతున్నారు.

మార్కండేయులు ఆవిడనే చూస్తూ, "ఇన్నాళ్ళలో ఒక్కసారైనా దణ్ణం పెట్టలేదు గురువుగారూ" అన్నాడు. ఈసారి ఆ గొంతులో తప్పుపట్టడం లేదు.

సోమయాజులు గారు ఇంకా ఖాళీగా ఉన్న గుంటల వైపు చూశారు.

"ఇక్కడివన్నీ మనం దణ్ణం పెట్టే తవ్వాం, నాయనా."