పట్టుదారపు వైద్యం

అమ్మలారా, అయ్యలారా, ముందు ఆ అప్పన్నస్వామికి ఒక దండం పెట్టుకుని చెవులు ఇటు పారేయండి. కొండల మీద మేఘగిరి అని ఒక రాజ్యం. ఏలేది ముమ్మడిరాజుగారు. రాజ్యం చిన్నదే గానీ, రాజుగారికి తన మీద తనకున్న ముచ్చట చాలా పెద్దది. తన మీద తానే ఎనిమిది ఆశ్వాసాల కావ్యం రాసుకున్నారు. రాసుకున్నవారు ఊరుకుంటారా? నిండుసభలో చదివారు. మూడో ఆశ్వాసంలో పట్టపురాణి లక్కమాంబగారు కునికారు.

సభలో సగంమంది కునికారనుకోండి. వాళ్ళు తలపాగాలు ముందుకు లాక్కుని కునికారు. రాణిగారికి ఆ తెలివి లేకపోయింది.

"నా కోటలో పగటినిద్ర రాజద్రోహం!" అని రాజుగారు మండిపడ్డారు. "ఇంకోసారి కునికితే రాణిగారైనా సరే, పుట్టింటికే!"

మర్నాడు హారతి పళ్ళెం చేతిలో ఉండగానే రాణిగారు కునికారు. దేవుడు ఏమీ అనుకోలేదు. రాజుగారు అనుకున్నారు. తెల్లారితే ప్రయాణమని పల్లకీ సిద్ధం చేయించారు.

ఇది చూసి గుండె చెరువైంది గంగసానికి. గంగసాని రాణిగారి అడపకత్తె. తమలపాకుల పెట్టె పట్టుకుని పదేళ్ళుగా ఆవిడ వెంటే ఉంటోంది. మూడేళ్ళ నుంచి ఆ తల్లి ఎలా అయిపోతోందో కళ్ళారా చూసింది. రోహిణి కార్తెలో శాలువా కప్పుకుంటారు. దువ్వెన పెడితే జుట్టు పిడికిళ్ళకొద్దీ ఊడి వస్తుంది. తినేది పిట్టంత, ఒళ్ళు మాత్రం బరువెక్కుతోంది. గొంతు ముందు వాపు. పెళ్ళినాటి బంగారు కంటెను కంసాలి ఇప్పటికి మూడుసార్లు వెడల్పు చేశాడు. ఆ లెక్కన రాణిగారికి అంతో ఇంతో వైద్యం చేసినవాడు ఆ కంసాలే.

మరి ఆస్థాన వైద్యుడు లేడా అంటారా? ఉన్నాడు, పేరంభట్టుగారు. రాణిగారిని తాకకూడదు, చూడకూడదు. తెర వెనక ఆవిడ మణికట్టుకు పట్టుదారం కడితే, ఇవతల కొస పట్టుకుని నాడి చెబుతాడు. మూడేళ్ళుగా చెప్పింది ఒకటే: బద్ధకం.

ఆరోజే సముద్రం ఒడ్డునుంచి ఎండుచేపల బళ్ళతో పోలమ్మ అనే మంత్రసాని వచ్చింది. ఇలాంటి గొంతులు చాలా చూశానంది. "దారం పట్టడం రానిదానికి కోటలో ఏం పని?" అని పేరంభట్టు ఆమెను గుమ్మం దగ్గరే ఆపించాడు.

గంగసాని ఆలోచించి, రాజుగారికి తాంబూలం అందిస్తూ అంది:

"ప్రభూ, భట్టుగారు దారం పడితే ఎవరి నాడైనా అద్దంలో బొమ్మేనట. మీ నాడి ఎప్పుడైనా చూపించుకున్నారా?"

"నాకేమే, సింహంలా ఉన్నాను!"

"ఆ మాట ఆయన నోటివెంట రావాలి కదా. మీరని తెలిస్తే ఎలాగూ పొగుడుతారు. తెలియకుండా పొగిడితే కదా అసలు పొగడ్త?"

రాజుగారి మీసం తనంతట తానే లేచింది.

సభ తీరింది. తెర దించారు. రాణిగారికి చివరిసారి పరీక్ష అన్నారు. పేరంభట్టు దారం కొస పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఆహా! మళ్ళీ అదే. నాడి నిండా బద్ధకం. తిండి ఎక్కువ, పని తక్కువ."

తెర కొంచెం కదిలింది.

"గొంతు వాపు సంగతేమిటి స్వామీ?" అంది గంగసాని.

"గర్వం పేరుకుంది. తన్ను తాను పొగుడుకునే మనుషులకు వస్తుంది."

"బుద్ధి ఎలా ఉంది?"

"ఉంటే కదా చెప్పడానికి!"

"మరి మందు?"

"మందు దండగ. నలభై రోజులు గంజి మీద ఉంచండి. ఇవాళే పుట్టింటికి పంపేయండి."

అప్పుడు పక్క గుమ్మంలోంచి శాలువా కప్పుకుని లక్కమాంబగారు మెల్లగా నడిచి వచ్చారు. పేరంభట్టు కళ్ళు తెరిచి రాణిగారిని చూశాడు. దారం కేసి చూశాడు. దారం ఇంకా తెర వెనక్కే పోతోంది.

గంగసాని తెర లాగేసింది. రాణిగారి ఆసనం మీద ముమ్మడిరాజుగారు, మణికట్టుకు పట్టుదారంతో, ముఖం కందగడ్డ చేసుకుని కూర్చున్నారు.

"ప్రభూ! దారం... దారం తప్పు చెప్పింది!" అన్నాడు భట్టు.

"పాపం, దానినెందుకు అంటారు స్వామీ? మూడేళ్ళుగా అది నోరు మెదపలేదు. మాట్లాడింది మీరే," అంది గంగసాని.

తర్వాత రాజుగారి వైపు తిరిగి, చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా అంది:

"వైద్యుల ఆజ్ఞ అయింది. పల్లకీ గుమ్మంలో ఉంది. ఏలినవారి పుట్టిల్లు ఎటో సెలవిస్తే బోయీలకు చెబుతాను."

ముందుగా నవ్వింది రాణిగారు. ఆ బొంగురు నవ్వు విని ఎన్నాళ్ళయిందో! ఆ వెంటనే సభంతా గొల్లుమంది. రాజుగారు దారం కేసి చూసుకుని, చూసుకుని, చివరికి పొట్ట పట్టుకుని నవ్వారు.

"కోరుకో గంగసానీ!"

"గుమ్మం దగ్గరున్న పోలమ్మను లోపలికి రానివ్వండి ప్రభూ. అంతే చాలు."

పోలమ్మ వచ్చింది. దారం అడగలేదు. చెయ్యి కడుక్కుని రాణిగారి గొంతు మీద పెట్టి, "గుటక మింగు తల్లీ," అంది. తర్వాత రాజుగారితో చెప్పింది: "ఇది బద్ధకం కాదు దొరా, జబ్బు. మా సముద్రపు నాచుతో మందు చేస్తాను. రాత్రికి రాత్రి తగ్గదు. నెలలు పడుతుంది, మానకుండా తీసుకోవాలి. అందాకా నిద్ర వస్తే నిద్రపోనివ్వు."

"పోనిస్తాను," అన్నారు రాజుగారు, బుద్ధిగా. తన మెడలోని ముత్యాలహారం తీసి గంగసాని చేతిలో పెట్టారు. రాణిగారు అక్కడే, సభలోనే, రాజుగారి ఎదురుగానే, పోలమ్మ భుజం మీద తల వాల్చి హాయిగా నిద్రపోయారు.